ఎడమ గజ్జలో మూడు బిళ్లలు

నా పనిలో కత్తి లేదు. అల్ట్రాసౌండ్ యంత్రం, చర్మం మీద గీసే ఊదారంగు పెన్ను, మెత్తటి కొలత టేపు, గళ్ల కాగితాల నోటుపుస్తకం నా పనిముట్లు. అనంతపురంలోని ఒక ఆసుపత్రిలో రేడియాలజిస్టుగా ఉన్న నేను, శస్త్రవైద్యుడు మరునాడు కోయబోయే చోటును ముందురోజు వెతికి, కొలిచి, గీసి ఇస్తాను. గీత సరిగ్గా ఉంటే దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇన్నేళ్లలో నాకు దక్కిన మెప్పు చాలావరకు ఆ మౌనమే. అది నాకు చాలు.

ఒక్కసారి మాత్రం నా గీతల గురించి ఆసుపత్రి అంతా మాట్లాడుకుంది. అవి కనబడకుండా పోయినందువల్ల.

చిలమత్తూరు దగ్గరి పల్లె నుంచి ఒక పట్టురైతు, అతని భార్య, అతని అక్క కలిసి వచ్చారు. చికిత్స భార్యకు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. కుడి రొమ్ములో క్యాన్సర్ వచ్చి, ఆపరేషనూ రేడియేషనూ పూర్తయి ఐదేళ్లయింది. కుడి చెయ్యి చూపించమన్నాను. ఆమె ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి, వేరెవరిదో వస్తువును అప్పగిస్తున్నట్టు బల్ల మీద పెట్టింది.

"ఇదిగో మేడం. క్యాన్సరు పోయింది గానీ దీన్ని ఈడ పెట్టి పోయింది."

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసేటప్పుడు చంకలోని లింఫు గ్రంథులను కూడా తీసివేయవలసి వస్తుంది. చేతిలో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని కాలువలు ఆ గ్రంథుల గుండానే పోతాయి. దారి తెగితే కొందరికి నీరు చేతిలోనే నిలిచిపోతుంది. మొదట వేలితో నొక్కితే గుంట పడుతుంది, కొన్నేళ్లకు ఆ గుంట కూడా పడనంతగా చెయ్యి గట్టిపడుతుంది. ఆమె చెయ్యి ఇంకా గుంట పడే దశలోనే ఉంది. మాకు అవకాశం మిగిలింది అందుకే.

"చెయ్యి ఇట్లయినప్పటి నుంచి పురుగులకు ఆకు నేనే ఏస్తాండా మేడం," అని ఆడబిడ్డ అందుకుంది. పట్టుపురుగుల షెడ్డులో అరల మీద మల్బరీ కొమ్మలు పరిచే పని అది. రోజుకు మూడుసార్లు, ఒక్క పూట కూడా తప్పకూడదు. "నా మోకాళ్లు నా మాట వినవు, ఈమె చెయ్యి ఈమె మాట వినదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని."

"ఆ ఒక్క మనిషికీ ఇద్దరి నోరు ఉండాది," అన్నాడు రైతు.

చేతిని కొలవడం మొదలుపెట్టినప్పుడు పచ్చబొట్టు నా కంటబడింది. రెండు ముంజేతుల మీదా, మణికట్టుకు నాలుగు వేళ్ల పైన, అడ్డంగా ఐదు చుక్కల వరుస. చిన్నతనంలో ఒకే పూట, ఒకే మనిషి రెండు చేతులకూ పొడిచిందట. ఎడమ చేతి మీద మొదటి చుక్కకూ ఐదో చుక్కకూ మధ్య ముప్పై ఒక్క మిల్లీమీటర్లు. కుడి చేతి మీద ముప్పై ఎనిమిది. అదే ఎత్తులో ఎడమ ముంజేతి చుట్టుకొలత ఇరవై రెండు సెంటీమీటర్లు, కుడిది ఇరవై ఏడు. చెయ్యి ఏ నిష్పత్తిలో ఉబ్బిందో చుక్కలు కూడా దాదాపు అదే నిష్పత్తిలో దూరం జరిగాయి. టేపు ప్రతిసారీ ఒకే చోట పడిందో లేదో అనే అనుమానం నన్ను ఎప్పుడూ పీడిస్తుంది. ఈమె విషయంలో ఆ చింత లేదు. కొలవవలసిన చోటును నలభై ఏళ్ల కిందటే ఎవరో గుర్తుపెట్టి ఉంచారు.

తర్వాత ఆపరేషన్ గురించి చెప్పాను. శరీరంలో మరోచోట నుంచి కొన్ని లింఫు గ్రంథులను, వాటిని పోషించే ధమనితో, సిరతో సహా తీసి, వాచిన చేతిలో అమరుస్తారు. ఆ నాళాలను చేతిలోని నాళాలతో మైక్రోస్కోపు కింద కుడతారు. గ్రంథులు బతికితే, అక్కడ నిలిచిన నీటిని నెమ్మదిగా లాగడం మొదలుపెడతాయి. బహుశా గజ్జ నుంచి తీసుకుంటాం, అన్నాను. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గ్రంథులు అంటే వారికి అందలేదని గ్రహించి, "గజ్జల్లో బిళ్లలు" అని సవరించుకున్నాను.

"బిళ్ల కట్టడమంటే జబ్బు గదా మేడం!" అంది ఆడబిడ్డ. "కాలికి ముల్లు దిగితే బిళ్ల కడ్తాది. వేడి గుడ్డతో కాపుకుంటే పోతాది. దాన్ని తీసి చేతిలో పెడ్తారా?"

"కట్టినప్పుడు మన చేతికి తెలుస్తుంది, అంతే. కట్టకపోయినా ఎప్పుడూ అక్కడే ఉంటుంది. కాలి నుంచి పైకి వచ్చే చెడును ఆపే కావలి అది."

ఈసారి అడిగింది రైతు భార్య: "కావలోళ్లను ఆడ్నుంచి తీసుకొచ్చి ఈడ పెడితే, ఇంగ ఆడ ఎవురుంటారు?"

ఈ శస్త్రచికిత్సకు సంబంధించిన అసలు ప్రశ్న అదే. గజ్జలో తీయకూడని గ్రంథిని తీస్తే కాలి నీటికి దారి తెగుతుంది. చేతి జబ్బు కాలికి దిగుతుంది. ఆ మాట దాచకుండా చెప్పాను.

"చెయ్యి ఎట్లున్నా ఈదుకొస్తాండా మేడం," అంది ఆమె. "కాలు గూడా ఇట్లయితే నేనింగ మంచంలోనే. చెయ్యి బాగు కాకపోయినా పర్వాలేదు. కాలు మాత్రం చెడగొట్టాకండి."

రైతుకు వేరే సందేహం ఉంది. "పాయింటు గట్టిదేనా మేడం?" అన్నాడు. "మా చేన్లో నాలుగు బోర్లు ఏసినాం. ఒకాయన టెంకాయ అరచేతిలో పెట్టుకొని నడిచినాడు. అది లేచి నిలబడింది. ఆడ ఏస్తే దుమ్మే లేసింది. ఇంకొకాయన మిషన్ తెచ్చినాడు. ఆడా దుమ్మే. మీది టెంకాయా, మిషనా?"

"నువ్వు ఊరికుండప్పా," అంది భార్య. "నా ఒళ్లేమన్నా నీ చేనా?"

మాది మిషనేనని ఒప్పుకొని, తెర అతని వైపు తిప్పాను. చిక్కుడు గింజ ఆకారంలో, అంచు నల్లగా, నడుమ తెల్లగా ఒక గ్రంథి. నడుమ భాగంలోకి రక్తం దిగే చోట ఎర్రటి చుక్క వెలిగి ఆరుతూ ఉంది. అతను తెరకు దగ్గరగా వంగాడు. "ఆడుతాండాది," అన్నాడు మెల్లగా. ఆ తర్వాత టెంకాయ మాట ఎత్తలేదు.

ఆ వారమంతా నేను ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు వెతికాను. మెడలో కుడివైపు గ్రంథులు రేడియేషన్ పడిన చోటికి ఆనుకొని ఉన్నాయి. ఎడమవైపు శరీరంలోని లింఫు కాలువలన్నిటిలోకీ పెద్దది వచ్చి సిరలో కలుస్తుంది, దాన్ని కదిలించే ధైర్యం ఎవరికీ ఉండదు. పైగా ఆమె మల్బరీ మోపులు తల మీద మోస్తుంది. మెడను వదిలేశాం. కుడి గజ్జలో గ్రంథులు ఉబ్బి ఉన్నాయి. ఎందుకో పాదం చూస్తే తెలిసింది. పగిలిన మడమ, దానిలో మానీ మానని ముల్లు దెబ్బ. ఆ కావలి అక్కడ పనిలో ఉంది, దాన్ని తీయకూడదు. ఎడమ గజ్జ ప్రశాంతంగా ఉంది. అందులో కూడా నడుమనా లోపలివైపునా ఉన్న గ్రంథులు కాలివి. పైన, బయటివైపున, తుంటి ఎముక కొస వైపు ఉన్నవి ఎక్కువగా పొత్తికడుపు చర్మం నుంచి నీరు తీసుకుంటాయి. అక్కడ, మిల్లీమీటరుకు కాస్త మించిన ధమని చుట్టూ మూడు బిళ్లలు దొరికాయి. వాటిని తీసుకోవచ్చు. వాటికీ కాలి బిళ్లలకూ నడుమ ఒక హద్దుగీత గీయాలి. ఆమె కాలు ఆ గీత మీద ఆధారపడి ఉంది.

శస్త్రవైద్యుడు బెంగళూరు నుంచి నెలకు ఒకసారి వస్తాడు. అతను వచ్చే ముందురోజు మధ్యాహ్నం ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, ధమని దారిని చుక్కలుగా, మూడు బిళ్లలను సున్నాలుగా, హద్దును గీతగా గీశాను. ఎముక గుర్తుల నుంచి ప్రతి బిందువు దూరాన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. చివరికి, నేను చాలా స్పష్టంగా ఇచ్చాననుకున్న సూచన ఇచ్చాను.

"రేపు ఉదయం దాకా వీటికి నీళ్లు తగలకూడదు."

"నీళ్లు తగలనీను," అని ఆమె నా మాటను అప్పజెప్పింది. ఆడబిడ్డ కూడా తల ఊపింది.

మరునాడు ఉదయం ఏడున్నరకు వార్డు నర్సు ఫోను చేసింది. "డాక్టర్ గారూ, మీరొకసారి వచ్చి చూడండి" అని మాత్రం అంది. వెళ్లి దుప్పటి తొలగించి చూస్తే నా గీతలు లేవు. పొత్తికడుపు కింది నుంచి తొడ మొదలు దాకా పసుపుపచ్చగా, నిగనిగలాడుతూ ఉంది. దాని మీద నాలుగు కుంకుమ బొట్లు. చర్మం అడుగున ఎక్కడో ఊదారంగు మరక ఒకటి అలికినట్టు పరుచుకొని ఉంది.

"నీళ్లు తగలనీలేదు మేడం," అంది ఆడబిడ్డ, నా ముఖం చూసి ముందుగానే. "మీరు చెప్పినారని నూనెలోనే కలిపినా. ఆముదంలో. ఒక్క చుక్క నీళ్లు పడ్లేదు."

"పసుపు ఎందుకమ్మా?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "పాయింటు పెట్టినాక ఊరికే ఇడుస్తారా? బోరు పాయింటుకు రాయి పెట్టి, పసుపు పూసి, బొట్టు పెట్టి, అప్పుడు గదా బండిని పిలిచేది. నేలకే అంత చేస్తామే, మనిషికి చెయ్యకుండా కత్తి పెడ్తారా?"

వాకిలి దగ్గర నిలబడ్డ రైతు తల పట్టుకున్నాడు. "అక్కా, ఆ నాలుగు బోర్లకూ నువ్వే గదా పసుపు పెట్టింది. నీళ్లు పడినాయా?"

"నీ టెంకాయ వల్ల పడ్లేదు. నా పసుపు ఏం చేసిందిరా?"

వాళ్ల తగవు వింటూ నేను అక్కడే నిలబడ్డాను. నా పెన్ను సిరా నీటికి సులభంగా పోదు, నూనెకు పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నీళ్ల మాట చెప్పి ఊరుకున్నాను. వాళ్లు నా మాటను అక్షరం తప్పకుండా పాటించారు. మామూలుగా అయితే పసుపును నీళ్లలోనే కలిపేది. నా సూచన వినబట్టి ఆముదం తెప్పించింది.

శస్త్రవైద్యుడికి చెప్పాను. చర్మం పొడిగా, శుభ్రంగా తుడవాలి, మళ్లీ గీయాలి. అతను గడియారం చూశాడు. ఆ రోజు అతని చేతిలో ఇంకో ఆపరేషన్ కూడా ఉంది, సాయంత్రం తిరుగు ప్రయాణం. ఈమెది జారితే మళ్లీ వచ్చే నెల. వాచిన చేతులకు తరచూ వచ్చే జ్వరం, ఎరుపు ఆ లోపల ఈమెకు ఇంకొకసారి వస్తే, గుంట పడే ఆ చెయ్యి గట్టిపడిపోవచ్చు.

"మీ పుస్తకంలో కొలతలన్నీ ఉంటాయి కదా," అన్నాడు. "చూసి గీసేయండి. ఐదు నిమిషాల పని."

అది నిజం. నా కొలతల మీద నాకున్న నమ్మకం కూడా తక్కువేమీ కాదు. కానీ ఆమె అడిగిన ప్రశ్న గుర్తుకొచ్చింది. పుస్తకం నుంచి గీస్తే నేను గీసేది పుస్తకాన్ని. కాలు ఆమెది.

"నలభై నిమిషాలు ఇవ్వండి. యంత్రం పెట్టి మళ్లీ చూసి గీస్తాను."

"ముప్పై."

యంత్రాన్ని ఆపరేషన్ గదిలోకి తోయించాను. అప్పటికే ఆమెను శుభ్రం చేసి, ఆపరేషన్‌కు ఎలా పడుకోబెట్టాలో అలా పడుకోబెట్టారు. ఎడమ తుంటి కింద మడతపెట్టిన దుప్పటి, మోకాలు కొంచెం బయటికి తిప్పి. ఇంకా మత్తు ఇవ్వలేదు.

"ఈసారి పచ్చబొట్టు పొడిచేయండి మేడం," అంది ఆమె, పైకప్పు వైపు చూస్తూ. "మా వదినకు భయపడేది ఉండదు."

"నవ్వకండి, పొట్ట కదులుతుంది," అన్నాను, నేను నవ్వుతూనే.

ధమని దొరికింది. గుర్తుపెట్టి, ఎముక కొస నుంచి కొలిచి, పుస్తకంలోని అంకెతో పోల్చాను. తొమ్మిది మిల్లీమీటర్ల తేడా. టేపు జారిందేమోనని మళ్లీ కొలిచాను. తొమ్మిదే. కాలి గ్రంథుల హద్దుగీతకు పదకొండు. ఎముకతో పోలిస్తే లోపలి గ్రంథులు కొంత జరిగాయి. పైనున్న చర్మం ఇంకా ఎక్కువ జరిగింది. ముందురోజు మా గదిలో ఆమె కాళ్లు చాచి, వెల్లకిలా, బిగుసుకొని పడుకుంది. ఇక్కడ తుంటి లేచింది, తొడ తిరిగింది, దానితో చర్మమూ జారింది. నేను ముందురోజు గీసిన హద్దు ఆ భంగిమలో నిజం. ఈ భంగిమలో అది కాలికి చెందిన ఒక బిళ్ల మీదుగా పోతుంది.

దీన్ని ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆ పాత గీతలు ఉన్నా శస్త్రవైద్యుడు గుడ్డిగా కోసేవాడు కాదు. పాదం వేళ్ల నడుమ రంగుమందు ఎక్కించి, కాలి నీరు చేరే గ్రంథులు ప్రత్యేక కెమెరాలో వెలగడం చూసి, వెలిగిన వాటిని వదిలేస్తాడు. మా పద్ధతిలో ఒకదాని వెనుక ఒకటి రెండు కాపలాలు ఉన్నాయి. కానీ మొదటి కాపలా నేను. ఎన్నో ఏళ్లుగా నేను మా గది బల్ల మీద, కాళ్లు చాచిన మనుషుల మీదే గీస్తూ వచ్చాను. గీతలు చెరగలేదు కాబట్టి ఎప్పుడూ మళ్లీ కొలవలేదు.

ముప్పై ఒకటో నిమిషానికి పెన్ను మూత పెట్టాను. శస్త్రవైద్యుడికి తేడా చూపించాను. అతను పుస్తకంలోని రెండు అంకెలనూ చూసి, "ఇకమీద గీతలు ఇక్కడే గీద్దాం" అన్నాడు. రంగుమందు ఎక్కించాక కెమెరాలో కాలి బిళ్లలు మూడు వెలిగాయి. మూడూ కొత్త గీతకు లోపలివైపే. బయటివైపున మేం ఎంచుకున్న మూడింటిలో ఒక్కటీ వెలగలేదు. వాటిని తీసి మోచేతి మడత దగ్గర అమర్చారు. మణికట్టు దగ్గరైతే గాజులు ఒత్తుకుంటాయని ఆమె ముందే అడిగి పెట్టుకుంది. కుట్టిన ధమనిలో రక్తం కదలడం సాయంత్రం నా యంత్రంలోనే చూశాను. చుక్క వెలిగి ఆరుతూ ఉంది. ఆ పూట నేను ఇంటికి నడిచే వెళ్లాను, ఎదురుగాలి దుమ్ము కొడుతున్నా.

ఏడాది తర్వాత ముగ్గురూ పరీక్షకు వచ్చారు. ఈ మధ్యలో వచ్చిన ప్రతిసారీ కొలుస్తూనే ఉన్నాను గానీ ఏడాది కొలతే లెక్కకు వచ్చేది. టేపు తీయగానే ఆమె అంది: "ముందు కాలు చూడండి మేడం."

పాదం నుంచి తొడ దాకా, పది సెంటీమీటర్లకు ఒకచోట, రెండు కాళ్లనూ కొలిచాను. ఎడమ కాలు ఆపరేషన్‌కు ముందు ఎంత ఉందో అంతే ఉంది. ఎక్కడా మూడు మిల్లీమీటర్లకు మించి తేడా లేదు. టేపుకు అంత పొరపాటు సహజం. కుడి మడమ పగులు కూడా మానింది. చెప్పులు వేసుకొని చేనికి పోతోందట.

"కావలోళ్లు ఉన్నారా?"

"ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు."

ఆమె ఊపిరి వదిలి, అప్పుడు చెయ్యి చాపింది, రెండో చేతి సాయం లేకుండా. పచ్చబొట్టు ఎత్తులో చుట్టుకొలత ఇరవై నాలుగు. మొదటి చుక్క నుంచి ఐదో చుక్కకు ముప్పై నాలుగు మిల్లీమీటర్లు. ఎడమ చేతితో సమానం కాలేదు, బహుశా ఎప్పటికీ కాదు. ఆ మాట కూడా చెప్పాను. ఆమె రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. "చాల్లే మేడం. రెండు పూట్ల ఆకు నేనే ఏస్తాండా. మూడో పూట మా వదినకు ఇడిచిపెట్టినా. పని లేకపోతే ఆమె నోరు ఊరికుండదు."

వదిన ఆ మాట పట్టించుకోలేదు. ఆమె నర్సుతో వేరే సంగతి మాట్లాడుతోంది. "నేను పసుపు పెట్టబట్టే పాయింటు సరిపోయింది," అంటోంది. "లేకపోతే ఆ పాత గీతల మీదే కోసేసేటోళ్లు. అడుగు, మేడమే చెప్తుంది."

నర్సు నా వైపు చూసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఆ వాక్యంలో సగం నిజం, సగం కాదు. ఏ సగం ఏదో విడదీయడం మాని, ఆ రోజు కొలతలు పుస్తకంలో రాసుకున్నాను.

ఇప్పుడు మేము గీతలు ఆపరేషన్ గదిలోనే, ఆపరేషన్‌కు పడుకోబెట్టే భంగిమలోనే గీస్తున్నాం. ముందురోజు నేను తయారుచేసేది కాగితం మీద పటం మాత్రమే. దాని నకలు ఒకటి కుటుంబానికి ఇస్తాను. ఒంటికి నీళ్లు, నూనె, పసుపు, ఏదీ పూయవద్దనీ, పెట్టాలనుకుంటే కాగితానికి పెట్టుకోమనీ చెబుతాను. చాలామంది పెడతారు. ఆ రైతు భార్యది కూడా, ఆపరేషన్ తర్వాత పుస్తకం చూసి గీసిన పటం ఒకటి, నా దగ్గర ఫైల్లో ఉంది. ఏడాది పరీక్ష అయ్యాక వదిన దాన్ని అడిగి తీసుకొని, సంచిలోంచి చిన్న పొట్లం విప్పి, మూడు బిళ్లల మీదా తలా ఒక బొట్టు పెట్టింది. హద్దుగీతకు అవతల ఉన్న కాలి బిళ్లలు ఏవని నన్ను అడిగి, వాటికీ పెట్టింది.

"అయిపోయిన పాయింటుకు ఇంకా ఎందుకక్కా?" అన్నాడు రైతు.

"ఆడ కావలి ఉన్నోళ్లు గదరా," అంది ఆమె.